రౌతు మెత్తనైతే...

మొన్న మాఘమాసంలో మా వీధిలోంచి ఒక పెళ్లి ఊరేగింపు వెళ్లింది. పెళ్లికొడుకు తెల్లగుర్రం మీద కూర్చున్నాడు. మన పెళ్లిళ్లలోకి ఈ గుర్రం సరదా ఎప్పుడొచ్చిందో గాని, ఆ అబ్బాయి ముఖం చూస్తే గుర్రం ఎక్కడం పుట్టి బుద్ధెరిగాక అదే మొదటిసారని తెలిసిపోతూనే ఉంది. ముందు బ్యాండుమేళం, పక్కన జనరేటరు దీపాలు. సరిగ్గా మా గేటు ముందుకు వచ్చేసరికి ఎవరో కుర్రాడు సీమటపాకాయల దండ అంటించాడు. అంతే! గుర్రం బెదిరి ముందుకాళ్లు పైకెత్తి గిర్రున పక్కకు తిరిగింది. పెళ్లికొడుకు తలపాగా ఒకచోట, ఆయనగారు ఒకచోట. అదృష్టం బాగుండి గుర్రంవాడు కళ్లెం అందుకుని, మెడ నిమురుతూ చెవిలో ఏదో గొణిగాడు. గుర్రం నిలబడింది. పెళ్లికొడుకు మిగతా దూరం కారులో వెళ్లాడు.

వరండాలో కూర్చుని ఇదంతా చూసిన మా అత్తయ్యగారు, "రౌతు మెత్తనైతే గుర్రం మూడుకాళ్ల మీద నడుస్తుందని ఊరికే అన్నారా అమ్మాయ్!" అన్నారు.

ఆ రాత్రి నాకో సందేహం పట్టుకుంది. ఒక్క టపాకాయల దండకే ఇంత రభస జరిగితే, పూర్వం యుద్ధాల్లో ఆ భేరీలు, ఆ కేకలు, కత్తుల ఖణఖణలు, వీటన్నిటి మధ్యకూ గుర్రాలు ఎలా వెళ్లేవి? ఎదురుగా బల్లెం పట్టుకుని మరో గుర్రం దూసుకొస్తూంటే పక్కకు తప్పుకోకుండా ఎలా పరుగెత్తేవి? గుర్రాల బొమ్మలు మన దేవాలయాల స్తంభాల మీద బోలెడు ఉన్నాయి గాని, రాతిగుర్రం భయపడదు గదా!

ఈ ప్రశ్నకు పుస్తకాల్లో కాకుండా గుర్రం వీపు మీదనే జవాబు వెతుక్కునేవాళ్లు ఈనాటికీ ఉన్నారు. యూరపులో, అమెరికాలో, ఆస్ట్రేలియాలో ఏటా జనం పెద్ద పెద్ద మైదానాల్లో చేరి, గుడారాలు వేసుకుని, నాలుగైదు వందల ఏళ్ల కిందటి బట్టలు కట్టి, ఆనాటి వంటలు వండుకుని, ఆనాటి పోటీలు ఆడుకుంటారు. ఇదేం పిచ్చి అనుకుంటాం. కాని మన ఊళ్లలో వీధి భాగవతం వేసేవాళ్లను పిచ్చివాళ్లంటామా? తేడా ఒక్కటే. మనిషికి వేషం కట్టవచ్చు, కవచం తొడగవచ్చు. ఇది నాటకమని అతనికి తెలుసు. గుర్రానికి మాత్రం తెలియదు. దాని మటుకు దానికి ఎదురుగా వచ్చే బల్లెం నిజం బల్లెమే.

ఈ సరదా సంగతి చెప్పుకునేవాళ్లందరూ తలచుకునే పాతకథ ఒకటుంది. 1838లో విక్టోరియా రాణికి పట్టాభిషేకం జరిగింది. అంతకుముందు ఆచారం ప్రకారం పట్టాభిషేకం విందులో ఒక వీరుడు కవచం ధరించి గుర్రం మీద సభలోకి వచ్చి, "మా ప్రభువును కాదనేవాడెవడైనా ఉంటే రండి" అని సవాలు చెయ్యాలి. ఖర్చు తగ్గించాలని ఈసారి ఆ విందూ లేదు, వీరుడూ లేడు. కులీనులకు ఇది చాలా చిన్నతనంగా తోచింది. అప్పటికే వాల్టర్ స్కాట్ రాసిన 'ఐవన్ హో' నవల చదివి ఇంటింటా కుర్రవాళ్లు వీరయోధుల కలలు కంటున్నారు. స్కాట్లండులో ఎగ్లింటన్ అనే సంస్థానం ప్రభువుకు అప్పటికి ఇరవై ఆరేళ్లు. "లండన్‌లో లేకపోతే మా కోటలో నేనే చేయిస్తాను పాతకాలపు టోర్నమెంటు" అని బయలుదేరాడు.

కవచాలు అమ్మే దుకాణంలో మొదటి సమావేశానికి నూటయాభై మంది దాకా వచ్చారు. అందరూ మీసాలు దువ్వినవాళ్లే. తీరా కవచం ఖరీదెంతో, దాన్ని తొడుక్కుని గుర్రమెక్కితే ఎలా ఉంటుందో తెలిశాక ఒక్కొక్కళ్లే జారుకున్నారు. అంతఃపురంలో ఉత్తరకుమారుడి ప్రగల్భాలకేం తక్కువ? కౌరవసేన కనిపించాకే గదా అసలు సంగతి! చివరికి పట్టుమని పదిహేను మందైనా మిగల్లేదు. మిగిలినవాళ్లు లండన్ పక్కన ఒక తోటలో సాధన చేశారు. అక్కడ పట్టాల మీద జారుతూ వచ్చే చెక్కవీరుడొకడు ఉండేవాడు. ఎదురుగా వెళ్లి వాణ్ణి బల్లెంతో పొడవాలి. చెక్కవీరుడు భయపడడు, వాడి చెక్కగుర్రమూ భయపడదు. మనవాళ్ల గుర్రాలకు మాత్రం అదంతా కొత్త.

1839 ఆగస్టు 28న టోర్నమెంటు మొదలైంది. చూడటానికి లక్షమంది వచ్చారని అంచనా. సౌందర్యరాణిగా లేడీ సేమర్‌ను ఎన్నుకున్నారు. అంతా సిద్ధమయ్యేసరికి ఆకాశం చిల్లుపడ్డట్టు వాన! చూసేవాళ్ల కోసం వేసిన పందిరి కప్పు కారిపోయింది. పట్టుగౌనులు తడిసి ముద్దయ్యాయి. మైదానం బురదగుంట అయింది. టోర్నమెంటుకు రాజు వేషం కట్టిన లండన్‌డెరీ ప్రభువు నిలువెల్లా రాజవేషంలో ఉండి, పైన గొడుగు వేసుకున్నాడు. పత్రికలవాళ్లు ఆ గొడుగును ఎన్నేళ్లు వెక్కిరించారో! రెండు రోజుల తరువాత వాన తెరిపిచ్చినప్పుడు మళ్లీ పోటీలు పెట్టి పరువు దక్కించుకున్నారు. ఎగ్లింటన్ ప్రభువుకు అయిన ఖర్చు ముప్ఫై, నలభై వేల పౌన్లంటారు. ఆ రోజుల్లో అది చిన్న సంస్థానమంత సొమ్ము.

ఏమాటకామాటే చెప్పుకోవాలి. ఆయన్ని చూసి నవ్వినవాళ్లే గాని, ఆ తరువాత ఆ ఊహను ఎవరూ పూర్తిగా వదల్లేదు. 1966 మే 1న అమెరికాలో బర్కిలీ అనే ఊళ్లో, తరువాత నవలా రచయిత్రిగా పేరు తెచ్చుకున్న డయానా పాక్సన్ ఇంటి పెరట్లో కొందరు స్నేహితులు చేరి కత్తులు, డాళ్లతో ఒక చిన్న టోర్నమెంటు ఆడారు. ఆ పెరటి సరదాలోంచి పుట్టిందే 'సొసైటీ ఫర్ క్రియేటివ్ అనాక్రనిజం'. నేడు దానికి దేశదేశాల్లో శాఖలున్నాయి. వాళ్లు నేల మీద పేముకర్రలతో చేసిన కత్తులతో పోరాడతారు. గుర్రం మీద ఆడేవాటికి మాత్రం నిబంధనలు ఇంకా గట్టివి. ఎందుకంటే దెబ్బ తగిలితే మనిషి "అబ్బా" అనగలడు, ఆట ఆపమనగలడు. గుర్రానికి ఆ నోరు లేదు.

ఆ ఆటలు కూడా చూడముచ్చటగా ఉంటాయి. వేలాడగట్టిన ఉంగరాలను దౌడులో బల్లెం కొసతో ఎత్తుకుపోవడం ఒకటి. వరసగా పాతిన గుంజల మీద పెట్టిన బొమ్మతలలను కత్తితో పడగొడుతూ పోవడం మరొకటి. ఇంకొకటి క్వింటెయిన్. ఒక గుంజ మీద తిరిగే అడ్డకర్ర ఉంటుంది. దానికి ఒక కొసన డాలు, రెండో కొసన ఇసుకసంచి. డాలును పొడవగానే అడ్డకర్ర గిర్రున తిరుగుతుంది. వేగంగా దాటిపోయారా సరే, లేకపోతే ఇసుకసంచి వచ్చి వీపున విమానం మోత మోగిస్తుంది! ఇంకో ఆటలో ఇద్దరు రౌతులు మెత్తటి దూది కత్తుల వంటివి పట్టుకుని, ఎదుటివాడి శిరస్త్రాణం మీది కుచ్చును పడగొట్టాలి. అన్నిటిలోకీ పెద్దది జౌస్ట్. మధ్యన పొడుగాటి అడ్డుకంచె, దానికి చెరో పక్కన ఎదురెదురుగా ఇద్దరు రౌతులు, చెరో బల్లెం. ఈ కంచె మొదట్నుంచీ లేదు. 15వ శతాబ్దం మొదట్లో తాడుకు కట్టిన గుడ్డగా వచ్చి, తరువాత చెక్కగోడ అయింది. గుర్రాలు ఒకదాన్నొకటి గుద్దుకోకుండా కాపాడిన పుణ్యం దానిదే.

మనం సినిమాల్లో చూసినది కొంత మరచిపోవాలి. కవచం తొడుక్కున్న యోధుణ్ణి కప్పీలతో గుర్రం మీదికి ఎత్తినట్లు 1944లో వచ్చిన 'హెన్రీ ది ఫిఫ్త్' చిత్రంలో చూపించారు. అది వట్టి కల్పన. యుద్ధకవచం బరువు సాధారణంగా 20 నుంచి 25 కిలోలు. ఆ బరువు ఒళ్లంతా సర్దుకుని ఉంటుంది గనుక యోధుడు తనంతట తాను గుర్రమెక్కగలడు. గుర్రాలు కూడా ఏనుగుల్లాంటివి కావు. ఇంగ్లండులో తవ్వకాల్లో దొరికిన గుర్రాల ఎముకలను ఈమధ్య కొలిచి చూస్తే, మధ్యయుగపు గుర్రాల్లో ఎక్కువభాగం నేటి పోనీల ఎత్తువేనని తేలింది. అంటే గెలిపించింది ఆకారం కాదన్నమాట. మరేమిటి?

శిక్షణ. దాన్ని అర్థం చేసుకోవాలంటే ముందు గుర్రం మనసు తెలియాలి. గుర్రం పులి కాదు, పులికి ఆహారమయ్యే జంతువు. భయమేస్తే పారిపోవడం దానికి పుట్టుకతో వచ్చిన తెలివి. దాని కళ్లు తలకు రెండు పక్కలా ఉంటాయి గనుక చుట్టూ దాదాపు అంతా కనిపిస్తుంది. కనిపించనిది సరిగ్గా నుదుటి ముందు కొంచెం, తోక వెనక కొంచెం. మన జట్కాగుర్రాలకు గంతలు కట్టేది అందుకే. పక్కన కనిపించేవన్నీ చూసి బెదరకూడదని. జౌస్ట్ గుర్రానికి కూడా కొన్నిచోట్ల కళ్ల మీద తొడుగు వేసేవారు. కాని ఎంత కట్టినా చెవులున్నాయి, ముక్కుంది, వీపు మీద మనిషి తొడల వణుకు తెలుసుకునే చర్మముంది.

అందుచేత ఈ మేళాల వాళ్లు మొదట గుర్రం ఎక్కనే ఎక్కరు. నేల మీదే మొదలుపెడతారు. ఇనపగొలుసుల చొక్కాను దూరంగా ఆడించి చప్పుడు వినిపిస్తారు. గుర్రం చెవులు నిక్కపొడిస్తే అక్కడే ఆగుతారు. అది తల దించి నమలడం మొదలుపెట్టాక ఒక అడుగు దగ్గరకు. బల్లెం నేల మీద పడేసి వాసన చూడనిస్తారు. తరువాత ఆ కర్రతోనే మెడ మీద, వీపు మీద మెల్లగా రాస్తారు. రెపరెపలాడే జెండాలూ అంతే. అప్పుడు ఎక్కి, నడకలోనే క్వింటెయిన్‌ను ఊరికే ముట్టుకుంటారు. తరువాత రెండు గుర్రాలను కంచెకు చెరో పక్కన ఎదురెదురుగా నడిపిస్తారు. బల్లేలుండవు. ఆ తరువాత దుడుకునడక, ఆ తరువాతే దౌడు. ఒక్కచోట గుర్రం బెదిరిందా, మళ్లీ రెండు మెట్లు వెనక్కి. నెలలు పడుతుంది, ఒక్కోసారి ఏళ్లు పడుతుంది. కొన్ని గుర్రాలకు ఈ పని పడదు. పడకపోతే మానిపించడమే. ఎడమచేత్తో డాలూ పగ్గాలూ, కుడిచేత్తో బల్లెం పట్టుకున్న రౌతుకు గుర్రాన్ని లాగి ఆపే వీలు ఎక్కడుంది? కూర్చున్న తీరుతోనే చెప్పాలి. గుర్రం తనంతట తాను ఒప్పుకోవాలి.

ఇది కొత్తగా కనిపెట్టింది కాదు. సుమారు 2,400 ఏళ్ల కిందట గ్రీకు సేనాని జెనొఫన్ గుర్రపుస్వారీ మీద చిన్న పుస్తకం రాశాడు. కోపంలో ఉండగా గుర్రం జోలికి వెళ్లవద్దంటాడు. అది దేన్నయినా చూసి బెదిరితే కొట్టవద్దంటాడు. కొడితే, ఆ వస్తువు వల్లనే తనకు నొప్పి కలిగిందనుకుని ఇంకా బెదురుతుందట. ముందు రౌతే వెళ్లి ఆ వస్తువును ముట్టుకుని చూపించి, గుర్రాన్ని మెల్లగా దగ్గరకు తీసుకురావాలట. పిల్లవాడికి చీకటిగది భయమైతే మనం ముందు లోపలికి వెళ్లి, "చూడు, ఏమీ లేదు" అని పిలవమూ? అదే ఇది.

గుర్రం భయం సరే, రౌతు భయం మాటేమిటి? దీన్ని గురించి మొహమాటం లేకుండా రాసినవాడు ఒక రాజు. పోర్చుగల్‌ను 1433 నుంచి 1438 దాకా ఏలిన దువార్తె. స్వారీ మీద ఆయన రాసుకున్న గ్రంథం ఆయన పోవడంతో సగంలో ఆగిపోయింది. 19వ శతాబ్దం దాకా అచ్చు కాలేదు. అందులో భయం గురించి చాలా దూరం రాశాడు. మనిషి భయాన్ని ఎన్ని దారుల్లో పోగొట్టుకుంటాడో వివరించాడు. తెలియనితనం వల్ల కొందరు, అలవాటు వల్ల కొందరు, కోపంలో కొందరు, ఇంకో పెద్ద భయం వెనక ఉండబట్టి కొందరు. జౌస్ట్‌లో గురి తప్పడానికి ఆయన చెప్పిన కారణాల్లో ఒకటి చదివి నేను ఆగిపోయాను. బల్లెం తగిలే క్షణాన చాలామంది కళ్లు మూసుకుంటారట. మూసుకున్నామని వాళ్లకే తెలియదట! ఆరువందల ఏళ్ల కిందటి రాజు ఇంత నిజం చెప్పుకున్నాడంటే ముచ్చటేసింది. కష్టం ఎదురొచ్చే క్షణాన కళ్లు మూసుకుని, "నేను చూస్తూనే ఉన్నాను" అనుకునేవాళ్లం మనలో మాత్రం ఎంతమందిమి లేం?

ఆ భయం ఉత్తుత్తిది కాదు. 1559లో పారిస్‌లో ఒక పెళ్లి సంబరం జరిగింది. ఫ్రాన్సు రాజు రెండవ హెన్రీ కూతుర్ని స్పెయిన్ రాజుకు, చెల్లెల్ని సవాయ్ ప్రభువుకు ఇస్తున్నాడు. జూన్ 30న జౌస్ట్ పందేలు. రాజుగారు స్వయంగా దిగారు. పట్టమహిషి కేథరిన్ పైన కూర్చుని చూస్తోంది. రాజు ధరించిన నలుపు తెలుపు రంగులు మాత్రం ఆమెవి కావు, ఆయన మనసుపడ్డ డయాన్ దె పొయితియేవి. అందరి ఎదుటా అది చూస్తూ కూర్చున్న ఆ ఇల్లాలి మనసు ఎలా ఉంటుందో మనకు చెప్పనక్కర్లేదు. పొద్దుపోతోంది, ఇక చాలన్నారు. రాజు వినలేదు. తన స్కాట్ అంగరక్షకదళం నాయకుడు మోంగోమెరీతో ఇంకొక్క పందెం అన్నాడు. బల్లెం విరిగింది. విరిగిన ముక్కను మోంగోమెరీ వేళకు దించలేకపోయాడు. చెక్కపేళ్లు రాజు ముఖం మీది తొడుగు సందులోంచి కంటిపైన గుచ్చుకున్నాయి. అంబ్రువాజ్ పరే, వెసాలియస్ వంటి ఆనాటి మహావైద్యులు వచ్చినా లాభం లేకపోయింది. జూలై 10న నలభై ఏళ్ల రాజు కన్నుమూశాడు. కేథరిన్ ఆనాటి నుంచి 1589లో పోయేదాకా ముప్ఫై ఏళ్లు నల్లబట్టలే కట్టింది. విరిగిన బల్లేన్ని తన చిహ్నంగా పెట్టుకుంది. ఆయన ప్రాణం పోయిన భవనాన్ని పడగొట్టించింది. రంగులు ఎవరివైతేనేం, దుఃఖం ఆమెకే మిగిలింది.

పాతకాలం గనుక అలా జరిగింది, ఇప్పుడు జాగ్రత్తలున్నాయి అనుకుంటాం. ఉన్నాయి. నేటి బల్లేలకు చివర సులువుగా విరిగే తేలికపాటి బాల్సా కర్ర అమరుస్తారు. అయినా 2007లో ఇంగ్లండులో ఒక కార్యక్రమం చిత్రీకరణ కోసం జౌస్ట్ ఆడుతూండగా, అలాంటి కర్రపేడే శిరస్త్రాణం కంటిసందులోంచి దూరి ఒక ఆటగాడు కొన్నాళ్లకు ప్రాణం విడిచాడు. నాలుగున్నర శతాబ్దాల తరువాత అదే సందు, అదే పేడు! అందుకే ఈ మేళాల్లో తెలిసినవాళ్లు వీరత్వం గురించి తక్కువ మాట్లాడతారు. పొద్దుటే గుర్రం చెవులు చూస్తారు, జీను పట్టీ చూస్తారు, గాలి చూస్తారు. గుర్రం మనసు బాగా లేకపోతే ఆ రోజుకు ఆట లేదు. ఒకప్పుడు పందిరిలో కూర్చుని చేతిరుమాలు విసిరిన స్త్రీలు నేడు కవచం తొడిగి పందెంలోకే దిగుతున్నారన్న సంగతి కూడా చెప్పాలి. అత్తయ్యగారికి చెబితే, "మన రుద్రమ్మ ఎప్పుడో చేసిందిగా!" అన్నారు.

నిజమే, ఈ విద్య మనకు కొత్తది కాదు. విరాటుని కొలువులో నకులుడు ఎన్నుకున్న పని అశ్వశాల. కాకతి గణపతిదేవుడి మోటుపల్లి శాసనంలో, తుపానుకు ఒడ్డున పడ్డ ఓడల్లోని గుర్రాలను పూర్వరాజులు లాక్కునేవారన్న ప్రస్తావన ఉంది. విజయనగర రాజు ఏటా పదమూడువేల గుర్రాలు కొనేవాడని గుర్రాల వర్తకుడు నూనిజ్ రాశాడు. కాని మార్కోపోలో దక్షిణదేశం గురించి చెప్పిన మాట మనసు కలుక్కుమనిపిస్తుంది. ఏటేటా అన్ని గుర్రాలు దిగుతున్నా, చూసుకోవడం తెలిసినవాళ్లు లేక ఎక్కువభాగం చచ్చిపోయేవట. కొనడానికి బంగారం చాలు. నిలుపుకోవడానికి మనిషి కావాలి.

ఇదంతా చదివి చెప్పాక అత్తయ్యగారు కాసేపు ఊరుకున్నారు. తరువాత, "మా ఊళ్లో స్టేషను జట్కా సాయిబు ఉండేవాడే" అని మొదలుపెట్టారు. "రైలు కూత వేసే వేళకు తక్కిన బళ్లవాళ్లంతా కొరడా తీసేవారు. ఇతను మాత్రం కిందికి దిగి గుర్రం మెడ మీద చెయ్యివేసి నిలబడేవాడు. రైలు వచ్చేదాకా ఏదో మాట్లాడుతూనే ఉండేవాడు. ఆ గుర్రం ఒక్కనాడూ బెదిరి ఎరగదు."

"మరి రౌతు మెత్తనైతే మూడుకాళ్ల మీద నడుస్తుందన్నారుగా?" అన్నాను నవ్వుతూ.

"మెత్తదనం వేరు, చేతగానితనం వేరు అమ్మాయ్. ఆ సాయిబు చెయ్యి మెత్తన. మనిషి కాదు."

ఇంతలో మా చంటాడు వీధిలో టపాకాయ పేలితే ఉలిక్కిపడి పరుగెత్తుకొచ్చాడు. మామూలుగా అయితే, "మగపిల్లాడివి, భయమేమిట్రా!" అని కసురుకునేదాన్ని. ఆ రోజు మాత్రం వాడి చెయ్యి పట్టుకుని గేటు దాకా తీసుకెళ్లి, కాలిన కాగితం ముక్క నేనే ముందు ముట్టుకుని చూపించాను.